మేయర్ కుర్చీని ఓటరుకు తిరిగి ఇవ్వండి: తెలుగు రాష్ట్రాల ప్రాంతీయ పార్టీల అధ్యక్షులకు బహిరంగ లేఖ

తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్, భారత రాష్ట్ర సమితి, జనసేన పార్టీల గౌరవ అధ్యక్షులకు నమస్కారములతో వ్రాయునది.

నేను ఏ పార్టీలోనూ సభ్యుడిని కాను. ఉద్యోగరీత్యా చెన్నైలోనూ, విశాఖపట్నంలోనూ, హైదరాబాదులోనూ కాపురం ఉండి, మూడుచోట్లా ఆస్తి పన్ను కట్టి, మూడుచోట్లా ఓటు వేసినవాడిని. ఆ అనుభవం ఇచ్చిన చొరవతోనే ఈ లేఖ రాస్తున్నాను. ఒక పొరుగు రాష్ట్ర నాయకుడి రాజకీయ జీవితాన్ని మీ ముందుంచి, అందులో మన నగరాలకు పనికివచ్చేది ఏమిటో, పనికిరానిది ఏమిటో చెప్పి, చివరకు మిమ్మల్ని ఒక్క కోరిక కోరడం నా ఉద్దేశం. ఆ నాయకుడు ద్రవిడ మున్నేట్ర కళగం అధ్యక్షుడు ఎం.కె. స్టాలిన్.

ఆయన పేరు ఎత్తగానే మీలో కొందరు నవ్వుకోవచ్చు. తండ్రి అయిదుసార్లు ముఖ్యమంత్రి. కొడుక్కి పార్టీ అందడంలో వింతేముంది, ఇందులో మేము నేర్చుకోవలసింది ఏముంది అని అనుకోవచ్చు. వారసత్వం విషయంలో మన రెండు రాష్ట్రాల పార్టీలు ఎవరి దగ్గరా పాఠాలు చెప్పించుకోవలసిన అవసరం లేదన్న సంగతి నాకూ తెలుసు. అయితే నేను మాట్లాడదలచుకున్నది ఆయనకు వారసత్వంగా వచ్చిన దాని గురించి కాదు. వారసత్వం ఎంత ఉన్నా మధ్యలో ఆయన ఒక నగరం ముందు నిలబడి, నేరుగా ఓటు అడిగి, ఆ నగరం చెత్తకూ, రోడ్లకూ, కాలువలకూ జవాబుదారీ కావలసి వచ్చిన ఆరేళ్ల గురించి. మన నాయకుల జీవితాల్లో లేనిది ఆ ఆరేళ్లే.

1953 మార్చి 1న పుట్టిన స్టాలిన్‌కు ఆ పేరు రావడం వెనుక కథ అందరూ ఎరిగినదే. కొద్దిరోజులకే సోవియట్ నేత మరణించగా, సంతాప సభలో ఉన్న కరుణానిధి తన కొడుక్కి ఆ పేరు ప్రకటించారు. పదిహేనేళ్లయినా నిండకముందే చెన్నైలోని గోపాలపురంలో తోటి కుర్రాళ్లను కూడగట్టి పార్టీ ప్రచారంలో తిరిగారు. 1976 జనవరి 31న డీఎంకే ప్రభుత్వం బర్తరఫ్ అయ్యాక, అత్యవసర పరిస్థితిలో, విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద చెన్నై సెంట్రల్ జైలుకు వెళ్లారు. అక్కడ ఆయన మీద పడుతున్న దెబ్బలకు అడ్డుపడి గాయపడి, తరువాత మరణించిన వ్యక్తి పేరు చిట్టిబాబు. ఆయన అప్పటికి లోక్‌సభ సభ్యుడు, అంతకుముందు చెన్నై నగర మేయరు. ఒక మాజీ మేయరు తన ఒంటిని అడ్డుపెట్టి కాపాడిన కుర్రవాడు ఇరవై ఏళ్ల తరువాత అదే నగరానికి మేయరు కావడం కాకతాళీయమే కావచ్చు. నాకు మాత్రం ఆ పార్టీకీ ఆ కార్పొరేషన్‌కూ మధ్య ఉన్న పాత బంధం అక్కడ కనిపిస్తుంది. డీఎంకే రాష్ట్రంలో అధికారానికి వచ్చింది 1967లో అయితే, చెన్నై కార్పొరేషన్‌ను గెలిచింది 1959లో. ఆ ఎన్నికల భారం మోసినందుకు పార్టీ వ్యవస్థాపకుడు అన్నాదురై సభలో కరుణానిధి వేలికి ఉంగరం తొడిగారు. అంటే ఆ పార్టీ రాష్ట్ర సచివాలయం ఉన్న కోట మెట్లు ఎక్కే ముందు, కార్పొరేషన్ ఉన్న రిప్పన్ భవనం మెట్లు ఎక్కింది.

కుమారుడన్న కారణంతో స్టాలిన్‌కు దారి పూలబాట కాలేదు. 1984లో చెన్నైలోని థౌజండ్ లైట్స్ శాసనసభ నియోజకవర్గంలో మొదటిసారి పోటీచేసి ఓడిపోయారు. 1989లో గెలిచారు, 1991లో మళ్లీ ఓడారు, 1996లో మళ్లీ గెలిచారు. ఇందులో ఎక్కువ కాలం ఆయన పార్టీ యువజన విభాగానికి కార్యదర్శి. ఆ వయసులో మన వారసులు మంత్రులయ్యారు, ఆయన మాత్రం తండ్రి ముఖ్యమంత్రిగా ఉన్న 1989-91 మధ్య కూడా మంత్రి కాలేదు. 1996లో కూడా కాలేదు. మంత్రివర్గంలోకి తీసుకోకుండా తండ్రి ఆయనను కార్పొరేషన్ ఎన్నికలకు పంపారు.

అప్పటి చెన్నై పరిస్థితిని కొంచెం వివరంగా చెప్పాలి. 1688 సెప్టెంబరులో మొదలై, దేశంలోనే అన్నింటికన్నా పాతదని చెప్పుకునే ఆ కార్పొరేషన్‌ను 1973లో మస్టర్ రోల్ కుంభకోణం తరువాత రద్దు చేశారు. లేని కూలీల పేరిట జీతాలు రాసిన వ్యవహారం అది. అప్పుడు ముఖ్యమంత్రి కరుణానిధే, కార్పొరేషన్‌లో పెత్తనం కూడా ఆయన పార్టీదే. ఆ తరువాత ఇరవై మూడేళ్లపాటు, ఎంజీఆర్ కాలమంతా, జయలలిత మొదటి పాలనంతా, నగరానికి ఎన్నికైన సభ లేదు. ప్రత్యేకాధికారులే ఏలారు. 1993 జూన్ 1న 74వ రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చి, అయిదేళ్లకోసారి ఎన్నికలు తప్పనిసరి చేసిన తరువాతగానీ తలుపు తెరుచుకోలేదు. 1996 అక్టోబరులో చెన్నై పౌరులు మొదటిసారి మేయరును తమ చేతులతో నేరుగా ఎన్నుకున్నారు. అలా ఎన్నికైనవాడు స్టాలిన్.

ఆయన పదవీకాలంలో జరిగిన పనుల్లో కొన్ని ఇప్పటికీ కళ్లకు కనబడతాయి, కొన్నింటి మీద ఇప్పటికీ వాదం ఉంది. ‘సింగార చెన్నై’ అనే నినాదం కింద ఉద్యానవనాలూ, రోడ్లూ వచ్చాయి. రద్దీ కూడళ్లలో తొమ్మిది ఫ్లైఓవర్లు కట్టారు. 2000లో మూడు జోన్లలో చెత్త సేకరణను ఓనిక్స్ అనే ప్రైవేటు సంస్థకు అప్పగించారు. నగరాలు చెత్తను కాంట్రాక్టుకు ఇవ్వడమన్నది మన దేశంలో అప్పటికి కొత్త సంగతి, దాని మీద నాకు ఇప్పటికీ అనుమానాలు ఉన్నాయి. ఫ్లైఓవరు కడితే రద్దీ తగ్గుతుందా, తరువాతి కూడలికి జరుగుతుందా అన్నది కూడా వేరే చర్చ. నేను చెప్పేది ఒక్కటే. ఆ పనులు మంచివైనా చెడ్డవైనా, అవి ఎవరివో ఊరంతటికీ తెలుసు. పొగడదలచినవారికి ఒక పేరు ఉండేది, తిట్టదలచినవారికీ ఆ పేరే ఉండేది. ఇవాళ హైదరాబాదులో నాలా పొంగి ఇల్లు మునిగినవాడు తిట్టడానికి ఒక పేరు వెతుక్కోవాలి.

తండ్రి ముఖ్యమంత్రి, కొడుకు మేయరు అయితే నిధులు ఆగుతాయా అని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. చెన్నై కార్పొరేషన్ చట్టం కూడా, మన చట్టాల్లాగే, అమలు అధికారాన్ని కమిషనరు చేతిలోనే పెట్టింది. మేయరుకు చట్టం ఇవ్వని బలం స్టాలిన్‌కు కోట నుంచి వచ్చింది. మంచినీరు, మురుగు అయితే 1978 నుంచీ వేరే బోర్డు కింద ఉన్నాయి. కాబట్టి 1996 నుంచి 2001 దాకా ఆయన మేయరు పనిని ఆదర్శంగా చూపితే అది సగం నిజమే అవుతుంది. మిగతా సగం 2001 మే తరువాత బయటపడింది, నాకు ఆయన జీవితంలో అన్నింటికన్నా ఆసక్తికరమైన ఘట్టం అదే.

ఆ మే నెలలో జయలలిత తిరిగి అధికారంలోకి వచ్చారు. జూన్ 30 తెల్లవారకముందే ఫ్లైఓవర్ల నిర్మాణంలో అవినీతి జరిగిందన్న కేసులో డెబ్భై ఏడేళ్ల కరుణానిధిని ఇంటి నుంచి ఈడ్చుకుపోయిన దృశ్యాలు దేశమంతా టెలివిజన్‌లో చూసింది. మేయరు స్టాలిన్ కూడా అదే కేసులో లొంగిపోయి జైలుకు వెళ్లారు. ఆ కేసు శిక్ష దాకా ఎన్నడూ వెళ్లలేదు. కానీ ఆ సమయానికి ఆ సంగతి ఎవరికీ తెలియదు. మూడున్నర నెలలు గడిచాయి. ఆ ఏడాది అక్టోబరులో మేయరు ఎన్నిక వచ్చింది. ఏ ఫ్లైఓవర్ల పేరు చెప్పి జైలుకు పంపారో ఆ ఫ్లైఓవర్ల కింద రోజూ నడిచే నగరం, రాష్ట్రమంతా అన్నా డీఎంకే గాలి వీస్తున్న వేళ, స్టాలిన్‌నే మళ్లీ నేరుగా ఎన్నుకుంది. మేయరును కార్పొరేటర్లు ఎన్నుకునే పరోక్ష పద్ధతి ఉండి ఉంటే ఏం జరిగేదో రాజకీయాల్లో ఉన్న మీకు నేను చెప్పనక్కరలేదు. కార్పొరేటర్లు బస్సులెక్కి ఏదో ఒక రిసార్టుకు చేరేవారు.

నేరుగా ఎన్నికైన మేయరును దించడానికి మామూలు మార్గాలు లేకపోయేసరికి, ప్రభుత్వం చట్టాన్నే మార్చింది. ఒకే వ్యక్తి శాసనసభ్యుడిగానూ మేయరుగానూ ఉండరాదని 2002లో సవరణ తెచ్చారు. స్టాలిన్ శాసనసభ్యత్వం ఉంచుకుని మేయరు పదవి వదులుకోవలసి వచ్చింది. ఒక మనిషికి రెండు పదవులు ఎందుకన్న సూత్రంతో నాకు పేచీ లేదు, నిజానికి నేను దాన్ని సమర్థిస్తాను. కానీ ఆ సూత్రం ఒక్క మనిషి కోసం ఆ ఏడాదే గుర్తుకురావడం సూత్రాభిమానం కాదని ఎవరికైనా తెలుస్తుంది.

ఆ తరువాత నడక మీకు తెలిసినదే. 2006లో స్థానిక పాలన మంత్రి, 2009 మే 29న తమిళనాడుకు మొదటి ఉప ముఖ్యమంత్రి. 2014లో అన్న అళగిరిని పార్టీ నుంచి బహిష్కరించారు. 2016లో 89 మంది సభ్యుల బలంతో ప్రతిపక్ష నాయకుడయ్యారు, 2017 జనవరిలో కార్యనిర్వాహక అధ్యక్షుడయ్యారు. తండ్రి కన్నుమూసిన మూడు వారాలకు, 2018 ఆగస్టు 28న పార్టీ అధ్యక్షుడిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. 2021లో పార్టీకి 133 స్థానాలు గెలిపించి మే 7న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. అప్పటికి ఆయన వయసు 68. వారసుడి కోసం అంతకాలం ఆగిన పార్టీలు మన దేశంలో అరుదు.

ఇక నేను ఈ లేఖ రాయడానికి అసలు కారణమైన సంగతికి వస్తాను. ప్రత్యక్ష ఎన్నికతో నగరం చేతిలో పెరిగిన ఆ నాయకుడే, తాను నడిచి వచ్చిన తలుపును వెనక్కి తిరిగి మూసేశారు. 2006లో ఆయన స్థానిక పాలన మంత్రిగా ఉండగానే డీఎంకే ప్రభుత్వం మేయరు ఎన్నికను కార్పొరేటర్లకు అప్పగించింది. 2011లో అన్నా డీఎంకే ప్రత్యక్ష పద్ధతిని తిరిగి తెచ్చింది. ఆ ఏడాది మేలో కొళత్తూరు శాసనసభ స్థానంలో స్టాలిన్ చేతిలో మూడు వేల లోపు ఓట్ల తేడాతో ఓడిన సైదై దురైసామి, అక్టోబరులో నగర ప్రజల ఓట్లతో నేరుగా మేయరయ్యారు. ఓడినవాడికి కూడా నగరం ఇంకొక అవకాశం ఇవ్వగలదని ఆ పద్ధతి చూపింది. 2019లో అన్నా డీఎంకేనే ఆర్డినెన్సు తెచ్చి మళ్లీ పరోక్షానికి మార్చింది. 2016 నుంచి 2022 దాకా చెన్నైకి ఎన్నికైన సభే లేదు. 2022 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగినప్పుడు స్టాలిన్ ముఖ్యమంత్రి, మార్చడానికి సంఖ్యాబలం ఉంది, అయినా పరోక్ష పద్ధతినే కొనసాగించారు. ఇరవై ఎనిమిదేళ్ల ప్రియ చెన్నైకి తొలి దళిత మహిళా మేయరు కావడం సంతోషించదగ్గ విషయం. ఆమె పేరు ఓటరు బ్యాలెట్ మీద చూసి వేసిన ఓటుతో ఆ సంతోషం వచ్చి ఉంటే, ఆ కుర్చీలో ఆమె బలం వేరుగా ఉండేది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు వేళచ్చేరి, పళ్లికరణై ప్రాంతాలు మునిగినప్పుడు జనం కోపం మేయరు దాకా రాలేదు, సూటిగా ముఖ్యమంత్రి మీదకు వెళ్లింది. మేయరును నామమాత్రం చేసిన ప్రభుత్వం వానకు కూడా తానే జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి. ఆంధ్రప్రదేశ్ అవతరించిన నాటి నుంచి నేటి వరకు రెండు రాష్ట్రాలకూ ముఖ్యమంత్రులైనవారిలో మేయరుగా పనిచేసినవారు ఒక్కరూ లేరు. శాసనసభ, జిల్లా పరిషత్తు, యువజన కాంగ్రెసు, సినిమా, వ్యాపారం, ఇలా అన్ని దారుల నుంచీ నాయకులు వచ్చారు. నగరపాలక సంస్థ నుంచి మాత్రం రాలేదు. మహారాష్ట్రలో దేవేంద్ర ఫడ్నవీస్ ఇరవై ఏడేళ్లకు నాగపూర్ మేయరై తరువాత ముఖ్యమంత్రి కాగలిగారు. మన దగ్గర మేయరు పదవి నాయకుడి ఎదుగుదలకు తొలిమెట్టు కావడానికి బదులు, చాలాసార్లు ఆఖరి మజిలీ అయింది.

హైదరాబాదు నగరపాలక సంస్థకు 1991 తరువాత 2002 దాకా ఎన్నికైన పాలకవర్గమే లేదు. 2002 జనవరిలో నగరం తీగల కృష్ణారెడ్డిని నేరుగా మేయరుగా ఎన్నుకుంది. ఆ అవకాశం ఆ నగరానికి మళ్లీ రాలేదు. 2007లో చుట్టుపక్కల పన్నెండు పురపాలక సంఘాలను కలిపి గ్రేటర్ చేశాక, 2009లో కార్పొరేటర్ల ద్వారా మేయరు వచ్చారు. కాంగ్రెసూ మజ్లిసూ ఒప్పందం చేసుకుని పదవీకాలాన్ని పంచుకున్నాయి. బండ కార్తీకరెడ్డి తరువాత 2012లో మాజిద్ హుస్సేన్ ఆ కుర్చీలో కూర్చున్నారు. ఇద్దరి సామర్థ్యం గురించి నేను మాట్లాడడం లేదు. ఆ పంపకాన్ని ఏ ఓటరూ అడగలేదన్నది మాత్రం వాస్తవం. 2020 డిసెంబరులో 150 డివిజన్లలో టీఆర్ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెసుకు 2 వచ్చాయి. రెండు నెలల తరువాత ఎవరు మేయరన్నది సీల్డ్ కవరు విప్పితేగానీ కార్పొరేటర్లకు కూడా తెలియలేదు. ఓటరు సంగతి చెప్పనే అక్కరలేదు. అలా ఎన్నికైన మేయరు 2024లో కాంగ్రెసులో చేరారు. ఓటరు ఎన్నుకోని మేయరు ఏ పార్టీలో ఉంటే ఓటరుకేం?

విశాఖ కథ ఇంకా విచిత్రం. 2012లో పాలకవర్గం గడువు ముగిస్తే, తరువాతి ఎన్నిక 2021 మార్చిలో జరిగింది. తొమ్మిదేళ్లు. హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014లో ఆ నగరానికి ఎన్నికైన మేయరు లేడు. 2021లో 98 డివిజన్లకు 58 గెలిచి వైఎస్సార్ కాంగ్రెస్ మేయరు పీఠం తీసుకుంది. రాష్ట్రంలో ప్రభుత్వం మారాక కార్పొరేటర్లు అటునుంచి ఇటు వచ్చారు. 2025 ఏప్రిల్ 19న అవిశ్వాస తీర్మానం నెగ్గింది, నెలాఖరుకు పీలా శ్రీనివాసరావు మేయరయ్యారు. నగర ప్రజలు ఓటు వేయకుండానే నగర ప్రభుత్వం మారిపోయింది. అధికారం పోయినవారు దీన్ని అన్యాయమన్నారు, వచ్చినవారు న్యాయమన్నారు. అంతకు నాలుగేళ్ల ముందు స్థానిక ఎన్నికలు జరిగిన తీరు మీద వారి మాటలు సరిగ్గా తారుమారుగా ఉండేవి. ఈ ఆటలో మీలో ఎవరి చేతులూ పూర్తిగా శుభ్రంగా లేవన్న మాట నొప్పించేదే అయినా, చెప్పకుండా ఉంటే ఈ లేఖకు అర్థం లేదు.

ప్రత్యక్ష ఎన్నికకు ఎప్పుడూ వినిపించే అభ్యంతరం ఒకటి ఉంది. మేయరు ఒక పార్టీ, సభలో మెజారిటీ ఇంకొక పార్టీ అయితే పని ఆగిపోతుందని. అది నిజమైన చిక్కే, మన రాష్ట్రంలో లోగడ కొన్ని పురపాలక సంఘాల్లో జరిగింది కూడా. అయితే ఆ చిక్కుకు మందు బడ్జెట్ గడువు, స్థాయీ సంఘం అధికారాలు, మేయరు వీటోకు హద్దులు వంటివి చట్టంలో తేటగా రాసుకోవడమే. చిక్కు వస్తుందని ఓటరు హక్కునే తీసేయడం తలనొప్పికి తల తీసే వైద్యం. రాజ్యాంగంలోని 243ఆర్ అధికరణం పురపాలక సంస్థ అధ్యక్షుణ్ణి ఎన్నుకునే పద్ధతిని రాష్ట్ర శాసనసభలకే వదిలింది. అంటే ఢిల్లీ అనుమతి కోసం ఎదురుచూడవలసిన పని లేదు. మీ చేతిలో ఉన్న సంగతే.

మీరు చెప్పని అభ్యంతరం ఇంకొకటి ఉందని నా అనుమానం. కోటిమంది ఉన్న నగరంలో లక్షల ఓట్లతో నేరుగా గెలిచిన మనిషి రేపు మీకే పోటీ అవుతాడన్న భయం. ఒక శాసనసభ్యుడికి వచ్చే ఓట్లకు ఎన్నో రెట్లు ఓట్లు అతనికి వస్తాయి. పార్టీ అధ్యక్షుడికి ఆ లెక్క రుచించకపోవడం సహజం. బహుశా 2006లో స్టాలిన్‌కు కూడా రుచించలేదు.

నా కోరిక ఇది. రెండు శాసనసభల్లోనూ మీ పార్టీలు ఉన్నాయి, లేదా ఉండగల స్థితిలో ఉన్నాయి. మేయర్లనూ, పురపాలక అధ్యక్షులనూ ఓటర్లే నేరుగా ఎన్నుకునేలా, ఎన్నికైనవారికి కమిషనరు మీద నిజమైన అజమాయిషీ ఉండేలా సవరణ బిల్లు పెట్టండి. ప్రతిపక్షంలో ఉన్నవారు ప్రైవేటు సభ్యుల బిల్లుగానైనా పెట్టవచ్చు. నెగ్గకపోయినా మీ మాట నమోదవుతుంది. శాసనసభ్యుడు మేయరుగా ఉండకూడదన్న నిబంధన కూడా అందులో చేర్చండి, ఎవరినో దించడానికి కాకుండా మొదటి రోజు నుంచే.

బిల్లు నెగ్గేదాకా ఆగవలసిన అవసరం లేని పని కూడా ఒకటుంది. రాబోయే నగరపాలక ఎన్నికల్లో నామినేషన్ల కంటే ముందే మీ మేయరు అభ్యర్థి పేరు బహిరంగంగా ప్రకటించండి. రిజర్వేషన్ ఖరారైన మర్నాడే ఆ పని చేయవచ్చు. ఆ వ్యక్తి డివిజన్‌లో ఓడిపోతే ఏం చేస్తారో కూడా చెప్పండి. ఈ ప్రకటనకు చట్టం అక్కరలేదు, ఖర్చు లేదు, సీల్డ్ కవరు కొనే డబ్బులు కూడా మిగులుతాయి. మీ నలుగురిలో ఎవరు ముందుగా ఆ పేరు చెబుతారో వారి కరపత్రాన్ని నేను తీసుకుని శ్రద్ధగా చదువుతాను. మిగిలినవారి కార్యకర్తలు మా గుమ్మం ముందుకు వచ్చినప్పుడు, మీ మేయరు ఎవరని అడిగి, సమాధానం వచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడతాను.

ఇట్లు,
మూడు నగరాల్లో ఓటు వేసి, మేయరును మాత్రం ఎంచుకోలేకపోయిన ఒక పౌరుడు